బండి చక్రాల మీద నిలబడ్డాకే ఆఖరి బిగింపు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ముందు చక్రాల దగ్గర చప్పుడు గురించే. అందుకని ఈ నెల శీర్షికంతా ఒకే వస్తువుకి ఇచ్చేశాను. అది లోయర్ ఆర్మ్ బుష్. లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని కింది నుంచి బండి అడుగు చట్రానికి కలిపే లోహపు చేయి. ఆ చేయి చట్రానికి కలిసే చోట కూర్చునేది ఈ బుష్. గుప్పిట్లో పట్టే రబ్బరు ముక్క. కానీ కారు నిటారుగా పోవాలన్నా, బ్రేక్ వేస్తే నిలకడగా ఆగాలన్నా అది బాగుండాలి.

ప్రశ్న: మాస్టారూ, నాది చిన్న హ్యాచ్‌బ్యాక్. కొని తొమ్మిదేళ్లయింది, 90 వేల కిలోమీటర్లు దాటింది. బ్రేక్ తొక్కినప్పుడూ, రివర్స్ చేసి మళ్లీ ముందుకు కదిలేటప్పుడూ ముందు ఎడమ వైపు ‘ఠక్’ మంటోంది. లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయాయని మెకానిక్ చెప్పాడు. బ్రేక్ ప్యాడ్లు, షాకబ్జర్లు ఇంట్లో నేనే మార్చుకున్నాను. ఇది కూడా చేసుకోగలనా? ఎక్కడ జాగ్రత్తపడాలి?

జవాబు: చేసుకోగలరు. షాకబ్జర్ మార్చిన చేతికి ఇందులో కొత్తగా విప్పాల్సింది పెద్దగా లేదు. కాకపోతే నట్లు విప్పి బిగించడం వస్తే సరిపోదు, లోపల ఆ రబ్బరు ఎలా పనిచేస్తుందో తెలిసి చేయాలి.

ముందు మెకానిక్ మాట నిజమో కాదో మీరే చూసుకోండి. మీరు రాసిన లక్షణం బుష్‌కి బాగా సరిపోతుంది. బ్రేక్ వేయగానే రోడ్డు చక్రాన్ని వెనక్కి నెడుతుంది. అలా నెట్టినప్పుడు చక్రాన్ని పట్టి ఆపేది లోయర్ ఆర్మే. ఆర్మ్‌ని సబ్‌ఫ్రేమ్‌కి (ఆ అడుగు చట్రానికి) పట్టి ఉంచేవి రెండు బుష్‌లు. వాటిలో రబ్బరు చినిగితే ఆర్మ్ కాస్త వెనక్కి జరిగి ఇనుముకి ఇనుము తగులుతుంది. అదే మీరు వినే ‘ఠక్’. రివర్స్ నుంచి ముందుకు మారినప్పుడు బలం దిశ తిరుగుతుంది కాబట్టి అప్పుడూ అదే చప్పుడు. గతుకుల మీద మాత్రమే టకటకమని, బ్రేక్‌కి ఏమీ అనకపోతే ముందు స్టెబిలైజర్ లింక్ రాడ్‌ని (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ని చక్రం వైపుకి కలిపే చిన్న రాడ్‌ని) అనుమానించేవాణ్ణి.

చక్రం విప్పి, టార్చిలైటు వేసి బుష్‌ని దగ్గర్నుంచి చూడండి. పైపైన జుట్టు మందం పగుళ్లుంటే కంగారు పడొద్దు, అది వయసు. లోపలి గొట్టం చుట్టూ రబ్బరు విడిపోయి నల్లటి సందు కనిపిస్తే, లేదా ఆర్మ్‌కీ సబ్‌ఫ్రేమ్‌కీ మధ్య పొడుగాటి కడ్డీ పెట్టి మెల్లగా ఎత్తినప్పుడు ఆ సందు నోరు తెరిస్తే, ఆ బుష్ పని అయిపోయినట్టే. కొన్ని కార్లలో వెనక బుష్‌లో ద్రవం ఉంటుంది. అక్కడ తడిగా, జిడ్డుగా ఉంటే అది కారిపోయిందని అర్థం. పనిలో పనిగా ఆర్మ్‌కి చక్రం వైపు చివర అన్ని దిక్కులా తిరిగే బాల్ జాయింట్‌ కూడా చూడండి. దాని రబ్బరు తొడుగు చిరిగిందా, కడ్డీతో ఎత్తితే ప్లే (వదులు) ఉందా? ఎందుకు చూడమంటున్నానో కింద ఇంకో జవాబులో రాశాను.

పని మొదలుపెట్టే ముందు, బండి ఇంకా నేల మీద చక్రాలతో నిలబడి ఉన్నప్పుడే, టేపు తీసుకుని ముందు చక్రం నడిమధ్య నుంచి దాని పైన ఫెండర్ అంచు వరకు కొలవండి. రెండు వైపులా కొలిచి కాగితం మీద రాసుకోండి. అర నిమిషం పని. ఈ అంకె లేకపోతే చివర్లో చిక్కుపడతారు.

బోల్టుల మీద తుప్పు వదిలించే స్ప్రే ముందురోజు రాత్రే కొట్టి ఉంచండి. ఈ పనిలో మనిషిని ఎక్కువ ఏడిపించేది బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయిన బోల్టు. నట్టు ఊడి వస్తుంది గానీ బోల్టు గొట్టంతో పాటే గిరగిరా తిరుగుతుంది. ఓపిగ్గా కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి తిప్పుతూ స్ప్రే లోపలికి దిగనివ్వండి. పొడుగు పైపు తగిలించి ఒకేసారి బలం చూపిస్తే బోల్టు తల తెగుతుంది.

ముందు భాగాన్ని రెండు వైపులా ఎత్తి జాక్ స్టాండ్ల మీద నిలపండి. ఒకవైపే ఎత్తితే స్టెబిలైజర్ బార్ మెలిపడి ఆర్మ్‌ని కిందికో పైకో లాగుతూ ఉంటుంది, బోల్టు తీస్తుంటే చేతిమీదికి ఎగురుతుంది. లింక్ రాడ్లు రెండూ విప్పేస్తే ఆ బాధ ఉండదు. బాల్ జాయింట్ ఊడదీయడానికి చీలిక ఉన్న కడ్డీని దూర్చి కొడితే రబ్బరు తొడుగు చిరిగిపోతుంది. ఆ జాయింట్ మళ్లీ వాడాలనుకుంటే ఆ కడ్డీ జోలికి పోకండి. జాయింట్ మేకు సన్నబడుతూ దిగే రకమైతే నట్టుని రెండు చుట్లు వదులు చేసి అక్కడే ఉంచి, నకుల్ (చక్రం బిగించే హబ్‌ని మోసే లోహపు ముక్క) పక్క భాగాన్ని సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేయండి. ఆ అదురుకి అదే వదులుతుంది. మరల మీద మాత్రం కొట్టొద్దు.

జాయింట్ ఊడాక నకుల్‌ని బయటికి వేలాడనివ్వకండి. ఒక తాడుతో స్ప్రింగుకి కట్టేయండి. బయటికి మరీ లాగితే, ఇంజిన్ బలాన్ని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ దాని గూట్లోంచి జారుతుంది. బ్రేక్ గొట్టం, ఏబీఎస్ సెన్సర్ తీగ కూడా బరువు మోసేవి కావు.

ఆర్మ్ చేతికొచ్చాక బుష్ బయటికి తోయాలి. ప్రెస్ లేకపోయినా పరవాలేదు. 12 మిల్లీమీటర్ల గట్టి స్టీలు మర కడ్డీ, రెండు నట్లు, మందపాటి వాషర్లు, ఒక పెద్ద సాకెట్, ఒక పైపు ముక్క ఉంటే చాలు. సాకెట్ బుష్ బయటి గొట్టం కన్నా వెంట్రుకవాసి చిన్నదై ఉండాలి, రెండో వైపు పైపు ముక్క దానికన్నా పెద్దదై ఉండాలి. కడ్డీ మరలకి నూనె రాసి నట్టు తిప్పుకుంటూ పోతే సాకెట్ బుష్‌ని పైపులోకి నెడుతుంది. తోసే ముందు పాత బుష్ ఏ కోణంలో కూర్చుందో ఆర్మ్ మీద పెయింటుతో గీత గీసుకోండి. వెనక బుష్ రబ్బరులో కావాలనే వదిలిన ఖాళీలు ఉంటాయి, అవి ఏ వైపు ఉండాలో తయారుచేసినవాళ్లు లెక్కపెట్టి పెట్టారు. అడ్డదిడ్డంగా కూర్చోబెడితే మెత్తగా ఉండాల్సిన దిక్కున గట్టిగా, గట్టిగా ఉండాల్సిన దిక్కున మెత్తగా తయారవుతుంది.

రేకుతో చేసిన ఆర్మ్ అయితే తోసేటప్పుడు రెండు చెవుల మధ్య ఇనుప ముక్క ఆనించండి, లేకపోతే చెవులు లోపలికి వంగుతాయి. ఎంతకీ కదలని బుష్ ఉంటే నడిమి రబ్బరుని డ్రిల్లుతో తొలిచి లోపలి గొట్టం తీసేయండి. తర్వాత హ్యాక్‌సా బ్లేడు దూర్చి బయటి గొట్టాన్ని లోపలి నుంచి నిలువునా కోయండి. కోత ఆర్మ్ లోహానికి తగలకముందే ఆపండి. ఆర్మ్ మీద పడ్డ గాటు రేపటి పగులుకి మొదలు. రబ్బరుని తగలబెట్టి తీయడం చాలామంది చేస్తారు, నేను ఎవరికీ చెప్పను. ఆ పొగ ఊపిరితిత్తులకి విషం, అల్యూమినియం ఆర్మ్ అయితే ఆ వేడికి దాని గట్టితనమే పోతుంది.

కొత్త బుష్ దించేటప్పుడు బలం బయటి గొట్టం అంచు మీదే పడాలి. లోపలి గొట్టం మీద తోస్తే ఇంకా రోడ్డు ఎక్కని బుష్‌ని మీ చేతులతో మీరే చింపినట్టు. రబ్బరు మీద తడి కావాల్సి వస్తే సబ్బు నీళ్లు చాలు. ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తాయి.

తిరిగి బిగించేటప్పుడు ప్రతి బోల్టునీ మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పండి. సబ్‌ఫ్రేమ్ లోపల అతికించి ఉన్న నట్టులోకి అడ్డంగా మర పట్టిందంటే ఆ రోజు పని ఆ రోజు అవదు. బోల్టులు మార్చి కొత్తవి వేయమని, లేదా ఇంత బిగించి ఆపై ఇన్ని డిగ్రీలు తిప్పమని మాన్యువల్‌లో ఉంటే అలాగే చేయండి. ఆర్మ్ బోల్టులు ఊరికే ఆనేంత బిగించి అక్కడ ఆపండి. ఆఖరి బిగింపు ఎప్పుడు, ఎలా అన్నది తర్వాతి ఉత్తరానికి ఇచ్చిన జవాబులో ఉంది. దయచేసి అది చదవకుండా పానా పట్టుకోకండి.

ప్రశ్న: నాలుగు నెలల కిందట రెండు వైపులా బుష్‌లు నేనే మార్చాను, మంచి కంపెనీవే వేశాను. మళ్లీ అదే చప్పుడు. విప్పి చూస్తే రెండూ చినిగిపోయాయి. డూప్లికేట్ సరుకు అంటగట్టారా?

జవాబు: సరుకు మీద అనుమానం తర్వాత. ముందు ఒక్క సంగతి గుర్తు తెచ్చుకోండి. ఆర్మ్ బోల్టులు ఆఖరుసారి బిగించినప్పుడు చక్రాలు గాల్లో వేలాడుతున్నాయా, నేల మీద ఉన్నాయా? వేలాడుతుంటే కారణం అదే అయి ఉండాలి.

బుష్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. బయట ఒక ఇనుప గొట్టం, లోపల సన్నటిదే అయినా గోడ మందంగా ఉన్న ఇంకో గొట్టం, మధ్యలో రబ్బరు. ఆ రబ్బరు ఊరికే ఇరికించింది కాదు, రెండు గొట్టాలకీ కరిచిపెట్టినట్టు అతికించింది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం రెండు చివరలూ సబ్‌ఫ్రేమ్ చెవుల మధ్య నొక్కుకుపోయి కదలకుండా అయిపోతాయి. బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు ఊగుతుంది. అంటే ఇది తలుపు బందులా తిరిగేది కాదు, రబ్బరు మెలితిరిగి మళ్లీ తన చోటికి వస్తుంది. ఏ స్థితిలో బోల్టు బిగిస్తారో, ఆ రబ్బరుకి అదే విశ్రాంతి స్థితి.

లెక్క చూడండి. ఆర్మ్ పొడవు 35 సెంటీమీటర్లు అనుకుందాం. చక్రం వేలాడినప్పుడు మామూలు ఎత్తు కన్నా 8 సెంటీమీటర్లు కిందికి జారిందనుకుందాం. ఆర్మ్ సుమారు 13 డిగ్రీలు వంగినట్టు. అప్పుడు బోల్టు బిగించి బండి కిందికి దించితే, ఊరికే నిలబెట్టిన బండిలో కూడా ఆ రబ్బరు రాత్రింబవళ్లు 13 డిగ్రీలు మెలిపడి ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ మీద చక్రం ఇంకో 6 సెంటీమీటర్లు పైకి లేస్తే మెలిక 23 డిగ్రీల దాకా పోతుంది. సరిగ్గా బిగించిన బుష్ అదే స్పీడ్ బ్రేకర్ మీద 10 డిగ్రీల దగ్గరే ఆగి వెనక్కి వస్తుంది. రబ్బరు ఎంత మంచిదైనా ఆ తేడాని ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. పని నేర్చుకుంటున్న రోజుల్లో మా అన్నయ్య కారుకి బుష్‌లు వేశాను. బండి స్టాండ్ల మీద ఉండగానే అన్నీ గట్టిగా బిగించి, తుడిచి, చేతులు కడుక్కుని అప్పగించాను. అయిదో నెలలో అన్నయ్య బండి తెచ్చి ఏమీ అనకుండా తాళాలు నా చేతిలో పెట్టాడు. నేనూ మీలాగే సరుకుని తిట్టుకున్నాను. మా గురువుగారు చినిగిన రెండు బుష్‌లూ పక్కపక్కన బల్ల మీద పెట్టి, చిరుగు ఎటు మొదలై ఎటు పోయిందో చూడమన్నారు. రెండింట్లోనూ లోపలి గొట్టాన్ని చుట్టుకుంటూ వంపుగా చిరిగింది. ఏ ముక్కకా ముక్క నాసిరకమై తెగి ఉంటే రెండూ అలా ఒకే తీరుగా తెగవు. ఆయన ఒక కొత్త బుష్‌ని వైస్‌లో బిగించి, లోపలి గొట్టంలోకి కడ్డీ దూర్చి నా చేతికిచ్చి తిప్పమన్నారు. కొంచెం తిరిగి ఎదురు తన్నింది. ‘అలాగే పట్టుకుని నిలబడు’ అన్నారు. నిమిషం కూడా గడవకముందే మణికట్టు లాగేసింది. ఆ పాఠం అప్పుడు ఒంటికి పట్టింది. అప్పట్నుంచి నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాళ్ల చేతా ఆ కడ్డీ పట్టిస్తున్నాను.

కాబట్టి కొత్త బుష్‌లు వేశాక ఆర్మ్ బోల్టుల ఆఖరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. ముందు చక్రాలని ర్యాంపుల మీదికి ఎక్కించి, కిందికి చేయి దూరేంత చోటు చేసుకుని బిగించడం అన్నిటికన్నా మంచిది. ఊరికే ఆనించిన బోల్టులతో ర్యాంపు ఎక్కేంత దూరమే కదపండి, అది కూడా నడక వేగంతో. ఎక్కాక బండిని రెండుసార్లు ముందువైపు నుంచి కిందికి నొక్కి వదలండి, స్ప్రింగులు సర్దుకుంటాయి.

ర్యాంపులు లేకపోతే ముందే కొలిచి రాసుకోమన్న అంకె ఇప్పుడు తీయండి. బాడీ స్టాండ్ల మీదే ఉంచి, బాల్ జాయింట్ దగ్గర ఆర్మ్ కింద జాకీ పెట్టి మెల్లగా ఎత్తుతూ, హబ్ నడిమధ్య నుంచి ఫెండర్ అంచుకి ఆ కొలత రాగానే ఆపి బిగించండి. తేలికపాటి కార్లలో ఆ కొలత పూర్తిగా రాకముందే బాడీ స్టాండు మీంచి లేవబోతుంది. అలా అనిపించిన క్షణమే ఆపేయండి, ఇంకొక్క సెంటీమీటరు కూడా ఎత్తొద్దు. ఆ బండికి ర్యాంపులు తప్ప వేరే దారి లేదు.

ఎంత బిగించాలన్నది మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె ప్రకారమే, టార్క్ రెంచితోనే. 100 న్యూటన్ మీటర్లు అంటే అర మీటరు పొడవున్న పిడి చివర సుమారు 20 కిలోల బరువు వేలాడదీసినంత. చేతి అంచనాకి వదిలేస్తే ఒకరు అందులో సగం బిగిస్తారు, ఇంకొకరు రెట్టింపు బిగిస్తారు. తక్కువైతే లోపలి గొట్టం చెవుల మధ్య జారుతూ ఇంకో రకం చప్పుడు మొదలవుతుంది.

మీరు నేల మీదే బిగించి ఉంటే, బుష్ పైన ఎక్కడైనా ఆయిల్ కారుతోందేమో చూడండి. వాల్వ్ కవర్ నుంచి గానీ పవర్ స్టీరింగ్ గొట్టం నుంచి గానీ చుక్కచుక్కగా పడే నూనె ఆర్మ్ మీదికి చేరితే రబ్బరు ఉబ్బి జిగురులా తయారవుతుంది. ఆ కారడం ఆపకుండా ఎన్ని బుష్‌లు మార్చినా అంతే.

ప్రశ్న: రబ్బరు బదులు పాలీయూరిథేన్ బుష్‌లు వేస్తే జీవితాంతం ఉంటాయంటున్నారు. వేసుకోమంటారా?

జవాబు: రోజూ ఆఫీసుకీ, పిల్లల్ని బడికీ తిప్పే బండికి వద్దనే అంటాను. అవి నూనెకి తొందరగా చెడవు, స్టీరింగ్ చురుగ్గా ఉంటుంది, నిజమే. కానీ వాటిలో ఎక్కువ రకాలు మెలితిరగవు, లోపలి గొట్టం మీద జారి తిరుగుతాయి. అందుకని వాటికి తగిన గ్రీజు ఎప్పటికప్పుడు పెట్టాలి, లేకపోతే కీచుమంటాయి. రోడ్డు గరుకంతా స్టీరింగ్‌లోకి, సీట్లోకి వస్తుంది. రేసింగ్ సరదా ఉన్నవాళ్ల లెక్క వేరు.

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. కారు పని ఏదైనా తనే చేసుకుంటారు. ఇప్పుడు బుష్‌లు మారుస్తానంటున్నారు. ఆయన బండి కింద ఉన్నంతసేపూ నాకు టెన్షన్. వద్దంటే వినరు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనదే, దాన్ని పోగొట్టాలని చూడను. వద్దనడం మానేసి పక్కన నిలబడండి. ఆయనకి సాయం చేసే మనిషి మీరే అవండి. పానాలు అందిస్తూనే నాలుగు సంగతులు మీ కళ్లతో చూసుకోవచ్చు.

కింద చదునైన గట్టి నేల ఉండాలి. మట్టి మీదా, వాలు మీదా ఈ పని చేయకూడదు. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. హైడ్రాలిక్ జాకీలో బరువంతా మోసేది లోపల సీలు ఆపిన నూనె. ఆ సీలు ఎప్పుడు వదిలేస్తుందో చెప్పి వదలదు. కాబట్టి రెండు జాక్ స్టాండ్లు, మాన్యువల్‌లో చూపించిన చోట్ల పెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు ఎంత గట్టిగా కనిపించినా పెట్టనివ్వకండి. బరువు కింద అవి ఒక్కసారిగా పిగిలిపోతాయి.

బండిని స్టాండ్ల మీదికి దించాక, ఆయన కిందికి పోకముందే, ఇద్దరూ కలిసి ఫెండర్ దగ్గర పట్టుకుని గట్టిగా ఊపండి. పడేదైతే అప్పుడే పడనివ్వండి. విప్పిన చక్రాల్ని గోడకి ఆనించకుండా డోర్ల కింద అడ్డంగా దూర్చండి. స్టాండు జారినా బండి చక్రం మీద ఆగుతుంది, మనిషికి సందు మిగులుతుంది. ఇంకో మాట. స్ట్రట్ (షాకబ్జర్, స్ప్రింగు కలిసిన భాగం) స్ప్రింగు విప్పాల్సిన అవసరం ఈ పనిలో లేదు. ఆయన స్ప్రింగు పై నట్టు మీద చేయి వేస్తే ఆపండి.

ప్రశ్న: బుష్‌లు ఒక్కటే మార్చాలా, ఆర్మ్ మొత్తం మార్చేయాలా? బుష్‌ని రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే సులువుగా దిగుతుందని విన్నాను.

జవాబు: బాల్ జాయింట్‌లో కూడా ప్లే ఉండి, అది ఆర్మ్‌తో కలిసిపోయిన రకమైతే ఆర్మ్ మొత్తం మార్చండి. రెండు బుష్‌లూ, జాయింటూ ఒకేసారి కొత్తవవుతాయి, తోయడం, కోయడం తప్పుతుంది. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లకి నేను ఇదే సలహా ఇస్తాను. ఆర్మ్ వంగినా, తుప్పుకి పొరలు లేచినా ఇక ఆలోచించే పనే లేదు. జాయింట్ గట్టిగా ఉండి ఆర్మ్ బాగుంటే బుష్‌లు చాలు. ఏది మార్చినా రెండు వైపులా మార్చండి.

ఫ్రీజర్ వల్ల నష్టం లేదు, లాభం కొంచెమే. స్టీలు ఒక్కో డిగ్రీకి పొడవులో పది లక్షలో సుమారు 12 వంతులు కుంచించుకుంటుంది. 40 మిల్లీమీటర్ల గొట్టాన్ని 40 డిగ్రీలు చల్లబరిస్తే తగ్గేది మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అది కూడా మీరు సాకెట్ సర్దుకునే లోపు మళ్లీ వేడెక్కిపోతుంది. దానికన్నా ఆర్మ్ రంధ్రం లోపలి తుప్పుని ఎమెరీ కాగితంతో రుద్ది, అంచు మీద ముళ్లు తీసి, బుష్‌ని నిటారుగా మొదలుపెట్టండి. వంకరగా దిగడం మొదలైతే ఆపి, వెనక్కి తీసి, మళ్లీ పెట్టండి.

ప్రశ్న: మీరు చెప్పినట్టే చేశాను, చప్పుడు పోయింది. కానీ నిటారుగా వెళ్తుంటే స్టీరింగ్ కొంచెం కుడికి తిరిగి ఉంటోంది. ఏదైనా తప్పు చేశానా?

జవాబు: లేదు, మంచి పనే చేశారు. పాత బుష్‌లు అరిగి ఆర్మ్‌లు వెనక్కి జారి ఉన్నప్పుడు చేసిన వీల్ అలైన్‌మెంట్ ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు ఆర్మ్‌లు తమ చోటికి వచ్చాయి కాబట్టి ఆ కొలతలు పనికిరావు. ఈ వారంలోనే అలైన్‌మెంట్ చేయించండి, ఆలస్యం చేస్తే కొత్త టైర్ల అంచులు తినేస్తుంది. వెళ్లే ముందు టైర్లలో గాలి సరిచూసి, ఆర్మ్ బోల్టుల మీద టార్క్ రెంచి ఇంకోసారి పెట్టి చూడండి. అలైన్‌మెంట్ చేసేవాళ్లకి బుష్‌లు మార్చిన సంగతి చెప్పి, ముందూ తర్వాతా అంకెలు ఉన్న కాగితం అడిగి తీసుకోండి. స్టెబిలిటీ కంట్రోల్ (బండి పక్కకి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉన్న బండి అయితే స్టీరింగ్ సెన్సర్‌ని కూడా సున్నాకి సెట్ చేయమనండి.